ఆర్డిస్ గొంతు, ఆరువందల పన్నెండుగురు భాగస్వాములు

ఆర్డిస్ హాగెన్ గోప్యతకు ఎట్టి పరిస్థితుల్లోనూ భంగం రానివ్వబోమని కంపెనీవారు లిఖితపూర్వకంగా హామీ ఇచ్చారు. ఆమె పోయి అప్పటికి ఆరు వారాలు.

హామీ అందుకున్నది ఆమె భర్త ఓర్లిన్. అతను కోరింది చిన్నది. వంటింట్లో నాలుగేళ్లుగా కంపెనీవారి మాట్లాడే పెట్టె ఉంది. ఆర్డిస్ దానితో అన్న ప్రతి మాటా వారి దగ్గర భద్రంగా ఉంది. అందులో ఏదో ఒకటి వినిపించమన్నాడు. ఇంటినిండా ఆమె ఫొటోలున్నాయి గాని, గొంతు ఎక్కడా లేదు.

వాళ్లుండే అమెరికా ఉత్తరపు మిన్నెసోటాలో కాలు విరిగినవాడు కూడా "ఫరవాలేదు, బాగానే ఉన్నా" అనడం మర్యాద. ఆర్డిస్ మర్యాదస్తురాలు. కడుపునొప్పి సంగతి మొగుడికి చెప్పలేదు, పెట్టెకు చెప్పుకుంది. పెట్టె దాన్ని ఆరువందల పన్నెండుగురు వ్యాపార భాగస్వాములకు విన్నవించింది. అందరికంటే ముందు శవపేటికలవారు స్పందించారు. ఆమె బతికుండగానే వారి రంగుల కాగితం తపాలాలో వచ్చిన రోజు ఓర్లిన్ దాన్ని చెత్తబుట్టలో పడేసి, గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి వెళ్లాడు. పెట్టె ఎవరికేం చెప్పిందో ఆ వివరాలన్నీ హామీపత్రం వెనకవైపు నిజాయితీగా అచ్చువేశారు.

అది చదివి ఓర్లిన్ కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఆవిడ మాటలు ఆవిడ సొంతం సర్. ఆవిడ ఊ అంటే ఇప్పుడే ఇచ్చేస్తాం," అంది కంపెనీ అమ్మాయి.

"ఆవిడ చచ్చిపోయిందమ్మా."

"అయ్యో! అయితే ఆవిడే ఒకసారి లాగిన్ అవ్వాలి సర్."

"మరి ఆ ఆరువందల మందికీ ఎట్లా ఇచ్చారు?"

"ఇమ్మని ఆవిడే ఒప్పుకున్నారు కద సర్, షరతుల ముప్పై ఒకటో పేజీలో. మొగుడికిమ్మని ఎక్కడా లేదు. పోనీ, ఊళ్లోవాళ్ల సంతకాలతో అర్జీ పెట్టుకోండి."

ఆదివారం ప్రార్థనయ్యాక, చర్చి కింది హాల్లో ఓర్లిన్ కాఫీ పక్కన అర్జీ కాగితం పెట్టాడు. పాస్టర్ లేచాడు.

"సోదరులారా! ఆర్డిస్ గొంతు ఈ ఊరి గుండెచప్పుడు! దాని కోసం మనం ప్రాణాలైనా ఇస్తాం!"

చప్పట్లు మోగాయి. ఆర్డిస్ స్నేహితురాలు వెర్నా ముందుగా పెన్ను అందుకుంది.

"ఏమయ్యా ఓర్లిన్, పేరంటే సరే. ఇంటి అడ్రసు కూడా రాయాలా?"

"రాయాలి వెర్నా."

"నీదేం పోయింది, రాయమంటావు! రేపు ఈ కాగితం ఎవడి చేతిలో పడుతుందో! ఈ రోజుల్లో ఎవర్ని నమ్మగలం?"

అందరూ తలలూపారు. పెన్ను బల్ల మీదికి చేరింది. పాస్టరుకు పొయ్యి మీద ఏదో పెట్టివచ్చిన సంగతి గుర్తొచ్చింది.

ఓర్లిన్ ముఖం చూడలేక వెర్నాయే ఉపాయం చెప్పింది. "ఫోన్లో పెట్టవయ్యా. అయిదు నిమిషాల్లో అందరం నొక్కేస్తాం."

పెట్టాడు. అర్జీ తీసుకునే కంపెనీవారి యాప్ చిరునామాలు, జబ్బులు, చుట్టాల ఫోన్ నంబర్లు చూడనివ్వమని అడిగింది. కాఫీ చల్లారేలోగా ఎనభై ముగ్గురు సంతోషంగా నొక్కారు. మొదటి నొక్కు ఓర్లిన్‌దే. ఆ నొక్కుతో భార్య గొంతు మీద తనకున్న హక్కులన్నీ కంపెనీకి వదులుకున్నాడు. అర్జీ షరతుల ఆరో పేజీలో స్పష్టంగా ఉంది.

మీరైతే చదివే నొక్కేవారు లెండి.