మూగకారు మహాసంగ్రామము

సమస్త భూమండలమును కనకకాంతులతో అలంకరించుచు, దండెముమీది తడిదుప్పట్లను సైతము సమదృష్టితో ఆరబెట్టుచు, లోకబాంధవుడగు భాస్కరుడు ప్రహరీగోడపై మూరెడెత్తున వెలుగుచుండ, ఒకానొక ఇరుకు పోర్టికోయందు, స్వగృహసకలయంత్రచికిత్సాధురంధరుడును, చెడిపోని వస్తువులను సైతము బాగుచేయుటలో అసమానప్రతిభుడును అగు ఒక గుమాస్తా తన కారు తాళమును త్రిప్పెను. కారు ఉలకలేదు, పలకలేదు.

ఆహా, ఏమని వర్ణింతును! డాష్‌బోర్డు దీపములన్నియు ఒక్కపెట్టున వెలిగినవి. ముల్లులు పూనకము వచ్చినట్లు ఊగినవి. చుక్క వాన లేకున్నను వైపర్లు అద్దమును భక్తిశ్రద్ధలతో తుడిచినవి. ఇంజనొక్కటి తప్ప సమస్తమును పనిచేసినది.

"ఏమైందండీ? నా టెస్టుకి టైమైపోతోంది," అని గుమ్మములోనుండి అతని భార్య కేక వేసెను.

ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇంటింటికి పోయి రోగులను చూచు కొత్త కొలువు ఆమెకు దాదాపు ఖాయమైనది. అయితే డ్రైవింగ్ లైసెన్సు చూపనిదే చేర్చుకొనరు. టెస్టు నేడే, మధ్యాహ్నములోపల, సొంత కారుతోనే. కారును వెనుకకు నడుపుటలో ఆమె ఇంతకుమునుపే ఒకసారి తప్పియున్నది. ఈ పూట కూడ చేజారెనా, ఆ కొలువు వేరొకరి పాలగును.

"ఏం లేదే, బ్యాటరీ. రెండు నిమిషాల్లో చూస్తాను," అని పలికి, ఆ ధీరుడు బానెట్టును ఎత్తి, అందలి అరణ్యమును అంతయు తెలిసినవానివలె అవలోకించి, బ్యాటరీ తలపై అమోఘమగు పాదరక్షాస్త్రమును ప్రయోగించెను. చెప్పు తెగినది.

అంతట నర్సమ్మ తన అన్నకు ఫోను చేసెను. కారు కరెంటు పనిలో చేయి తిరిగినవాడును, గొప్పలు చెప్పుటలో నోరు తిరిగినవాడును అగు ఆ అన్నగారిని బంధుమిత్రులందరును స్కానర్ బావ అందురు. అతడు బండి రోగములను కోడ్లుగా చదివి చూపు తన స్కానరును చంకలో నిడుకొని, మోటారుసైకిలురథముపై ధూళి రేపుచు విచ్చేసి గర్జించెను:

"ఈ స్కానర్ ముందు నోరు విప్పని బండి ఇంతవరకూ పుట్టలేదమ్మా! బావా, నువ్వు జరుగు. నీ చెయ్యి పడితే బాగున్నదీ మంచం పడుతుంది."

"మీ స్కానర్‌కి కనిపించేది కోడ్లే బావగారూ! నేను బండి మనసు చూస్తాను," అని గుమాస్తా ప్రతిగర్జన చేసెను.

స్టీరింగు క్రింది సాకెట్టులో స్కానరు దూర్చబడెను. 'కనెక్షన్ లేదు' అని తెర చెప్పెను. మరల దూర్చిన మరల అదియే చెప్పెను. నోరు విప్పని బండి ఒకటి పుట్టియే యున్నదని తేలినది.

స్కానర్ బావ గొంతు సవరించుకొని, తగ్గిన స్వరముతో చెల్లెలికి వివరించెను. "ఇంజన్‌కో బుర్ర, బ్రేకులకో బుర్ర, తలుపులకో బుర్ర ఉంటాయమ్మా. అన్నీ మెలేసిన రెండు సన్నటి వైర్ల మీద మాట్లాడుకుంటాయి. తాళం మనదేనని కబురందితే గానీ ఇంజన్ లేవదు. ఇప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడట్లేదు."

"అచ్చం మా ఇంట్లోలాగే," అని ఆమె గడియారము వైపు చూచెను.

బ్యాటరీ తీగ ఊడదీసి, మీటరుతో ఆ జంట తీగలను కొలువగా, అరవై ఓములు చూపవలసిన ముల్లు సున్నా దగ్గర పడుకొనియుండెను. "రెండు వైర్లూ ఎక్కడో తగులుకున్నాయి!" అని అరచి, స్కానర్ బావ రణరంగమున దూకెను. ఏ బుర్రలో తగులుకొన్నవో కనుగొన, బ్రేకుల బుర్రయున్న పెట్టెను పెరికెను, సున్నా. తలుపుల పెట్టెను పెరికెను, సున్నా. ఒక్కొక్క పెట్టె ఊడినప్పుడెల్ల "నేను చెప్పలా, బ్యాటరీయేనని!" అని గుమాస్తా వెనుకనుండి శంఖము పూరించెను. ఎండ ముదిరినది. నర్సమ్మ కన్నులలో నీరు నిలిచినది.

చివరకు చెమట తుడుచుకొనుచు అన్న అడిగెను: "ఈ మధ్య డాష్‌బోర్డ్ కింద ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"నిన్న సాయంత్రం నేను దాని జోలికే పోలేదు!" అనెను గుమాస్తా.

"నిన్న సాయంత్రమని ఎవరన్నారు బావా?"

గుమ్మడికాయల దొంగ ఎవడన్న భుజములు తడుముకొనుట యనగా నిదియే. నర్సమ్మ డాష్‌బోర్డు క్రింద తల దూర్చెను. అచట జంట తీగల తోలు ఒలిచి, వానికొక నల్లని డబ్బీని తగిలించి, పైన సెల్లోటేపు చుట్టబడియుండెను. రాత్రికి రాత్రే టేపు జారి, రెండు రాగితీగలును కౌగిలించుకొనియున్నవి.

"ఏంటండీ ఇది?"

"రివర్స్ బీపర్. వెనక ఏదైనా అడ్డొస్తే కూస్తుంది. వీడియో చూసి పెట్టాను. ఆ రెండు వైర్లూ ఖాళీగా కనిపిస్తే, కరెంటుకని... నీకోసమేనే!"

"అంటే నేను వెనక్కి తియ్యలేనని."

"అలా కాదు... గోడకి మొన్ననే కదా రంగులేయించాం."

ఆమెకు కోపముకంటె ముందు బాధ కలిగెను. టెస్టు అధికారి తప్పించిననాడు కూడ ఇంత నొప్పి కలుగలేదు. తానే ఆ డబ్బీని పెరికి మగని చేతిలో పెట్టెను. అన్న తీగలను విడదీసి, అసలైన టేపు చుట్టి, పెట్టెలన్నియు బిగించెను. మీటరు అరవై చూపెను. బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పగా ఇంజను ఘీంకరించెను.

"చూశావా నా స్కానర్ దెబ్బ!" అనెను, దానిచే ఏమియు చేయింపని స్కానర్ బావ.

గుమాస్తా ఉరికి స్టీరింగు ముందు కూర్చుండెను. "పద, నేను తీసుకెళ్తా."

"దిగండి," అనెను ఆమె.

అతడు దిగెను. ఆమె ఎక్కెను, ప్రక్క సీటులో అన్న. గుమాస్తా ఊరకుండక కారు వెనుకకు పోయి, రెండు చేతులు ఊపుచు, "రానీ, రానీ, కొంచెం లెఫ్టు, అయ్యో గోడ, గోడ!" అని ఘోషింప మొదలిడెను. ఆమె అద్దము దింపెను.

"పక్కకి జరగండి. బీపర్ పీకేశాం కదా, మళ్ళీ మీరెందుకు?"

అతడు నోరు మూసికొని గోడకు అంటుకొనెను. అంతట ఆ వీరనారి దంతములు బిగించి, అద్దములు చూచుకొని, క్లచ్చు మెల్లగా వదలుచు, ఇరుకు గేటులోనుండి కారును వెనుకకు తీసి, వీధిలోనికి మళ్లించుకొని సాగిపోయెను.

"బాగా తీశావే," అని గుమాస్తా గేటు దగ్గర నిలిచి అనెను. వినుటకు వీధిలో ఎవరును లేరు.

ముల్లోకములును ఆలకించుగాక! లైసెన్సు సంగతి మధ్యాహ్నమునకు గాని తెలియదు. కాని ఒక స్త్రీ తన కారును తన గేటులోనుండి, ఎవరి కూతయు లేకుండ, గోడకు గీతయైన పడకుండ, వెనుకకు తీసినది!