ఇద్దరు పట్టుకుంటేనే ఎక్కే చార్జింగ్

పెళ్ళయిన ప్రతి జంట ఇంట్లోనూ ఒక పాడైన చార్జరు ఉండి తీరాలి! దీన్ని వెంటనే చట్టం చెయ్యాలి. పెళ్ళి రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫికెట్‌తో పాటు, సీలు వేసిన కవరులో మెడ విరిగిన వైరు ఒకటి పెట్టి, సంతకం చేయించుకుని మరీ చేతికివ్వాలి.

నవ్వకండి. నేను డిగ్రీ చదువుకున్నదాన్ని. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఊరికే మాట్లాడే అలవాటు నాకు లేదు, మాట్లాడేవాళ్ళని 'ష్' అనడమే నా వృత్తి. మూడు నెలల సంసారాన్ని లోతుగా పరిశీలించాకే ఈ నిర్ధారణకు వచ్చాను. మూడు నెలలు చాలా తక్కువంటారా? స్మార్ట్‌వాచీల లెక్కలో అదొక తరమండీ! ఎలాగో చెబుతాను.

మా పెళ్ళికి మా వదినగారు, అంటే మావారి అక్కగారు, తమ్ముడికి స్మార్ట్‌వాచీ కానుక ఇచ్చారు. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మనిషి ఎదురైతే మొహం తర్వాత, ముందు నడుం వంపు చూస్తారు. ఆ వాచీ మావారి అడుగులు, నిద్ర, గుండె చప్పుడు లెక్కపెట్టి, వేరే ఊళ్ళో ఉన్న వదినగారి ఫోనుకు ఎప్పటికప్పుడు పంపిస్తూ ఉంటుంది. మా కాపురంలో మూడో మనిషి లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉన్నారు, మణికట్టు మీద ఉన్నారు.

ఒకరోజు పొద్దున బ్యాటరీ అయిపోయి వాచీ ఆగిపోయింది. పావుగంట తిరగకుండా నాకు ఫోను.

"ఏమ్మా, మావాడు బాగానే ఉన్నాడా? గుండె కనిపించట్లేదు!"

"ఇక్కడే ఉన్నారు వదినా. బ్రెడ్డు కాల్చుకుని తింటున్నారు."

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగా! మరి అడుగులు?"

"వంటింట్లోంచి బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి మళ్ళీ వంటింట్లోకి. ఐదో ముక్క కోసం."

ఆ పూట వదినగారు తమ్ముడికి ఫోన్లోనే మెట్లెక్కించారు. కాబట్టి వాచీ ఆగకూడదు. మా ఇంట్లో అది శాంతిభద్రతల సమస్య.

సరిగ్గా అలాంటి సమయంలో చార్జరు చెడిపోయింది. అది కూడా మామూలుగా కాదు, రెండు చోట్ల! వాచీ వీపుకు అతుక్కోవాల్సిన బిళ్ళకు అయస్కాంతం సత్తువ పోయింది. అతుక్కున్నట్టే అతుక్కుని, మనం అటు తిరగ్గానే జారిపోతుంది. ఇక అవతలి కొసన, ప్లగ్గు దగ్గర, వైరు మెడ విరిగింది. దాన్ని ఒక పక్కకు వంచి, కాస్త పైకెత్తి, అక్కడే బిగబట్టి ఉంచితేనే కరెంటు వస్తుంది.

సర్వీస్ సెంటరుకు వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ కంప్యూటరు చూసి ఎంతో జాలిగా చెప్పింది. "ఈ మోడల్ ఆపేశాం మేడమ్. చార్జర్లు రావు. వాచీ మార్చేసుకోండి."

"ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు కదండీ!"

"అవును మేడమ్. పాతదైపోయింది."

నా పెళ్ళికి కూడా మూడు నెలలు నిండలేదు! ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. పరవాలేదు, ఇంకా స్పేరుపార్టులు దొరికే మోడల్‌లాగే ఉన్నాను.

వీధి చివర సెల్‌ఫోన్ షాపువాడు, అన్ని వాచీలకూ పనికొస్తుందంటూ ఒక చార్జరు అంటగట్టాడు. పది నిమిషాల్లో అది ఎంత వేడెక్కిందంటే, మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ వచ్చేది. దాన్ని తిరిగి ఇచ్చేసి, పాతదానికే సేవలు మొదలుపెట్టాను. రబ్బరు బ్యాండు వేశాను. నా జడ క్లిప్పు తగిలించాను. బట్టలారేసే క్లిప్పు పెట్టాను. లైబ్రరీ నుంచి నిఘంటువు తెచ్చి, బిళ్ళ మీద మొత్తం భాషనే మోపాను. ఊహూఁ! ఆ మహాతల్లికి మనిషి వేలు తప్ప ఇంకేదీ గిట్టలేదు.

బిళ్ళ దగ్గర ఒకరు, ప్లగ్గు దగ్గర ఒకరు. మొత్తం ఇద్దరు, నలభై నిమిషాలు. ఇదీ లెక్క.

మా ఇంట్లో ఆ వైరుకు అందుబాటులో ఉన్న ప్లగ్గు పాయింటు ఒకటే. అది నడవాలో, చెప్పుల స్టాండు పక్కన, నేలకు జానెడు ఎత్తున ఉంది. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి ఏ జన్మలోనో రుణపడి ఉన్నాను. రోజూ పొద్దున ఏడుంపావుకు మేమిద్దరం ఆ నడవాలో, చెప్పుల మధ్య, గోడకు వీపులానించి చతికిలబడతాం. ఆయన ప్లగ్గు దగ్గర మెడ వంచి పట్టుకుంటారు. నేను రెండు బొటనవేళ్ళతో బిళ్ళ నొక్కుతాను. మావారు ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడంలో చెయ్యి తిరిగినవారు.

"కదలకు. ఊపిరి బిగబట్టు," అంటారు, వృత్తి గొంతుతో.

నేను బిగబడతాను. వాచీ మీద చిన్న మెరుపు బొమ్మ వెలుగుతుంది.

"ఆఁ, వదులు."

ఇందులో వరమేముందంటారా? ఉంది. ఇద్దరికీ రెండు చేతులూ ఖాళీ ఉండవు! చేతులు ఖాళీ లేకపోతే ఫోను పట్టుకోలేం. ఫోను లేకుండా గోడకానుకుని నలభై నిమిషాలు కూర్చున్న ఇద్దరు మనుషులు ఏం చేస్తారు? విధిలేక మాట్లాడుకుంటారు!

అంతకు ముందు మా సంగతి చెబితే మీరు నమ్మరు. నేను ఎనిమిదిన్నరకు వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తాను. ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళి నేను నిద్రపోయాక వస్తారు. మిగతా కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీలతోనే. 'పాలు విరిగాయి.' 'చూశాను.' 'పారబోశావా?' 'దేన్ని?' ఇద్దరికీ కలిసొచ్చేది పొద్దుటి పూట ఒక్కటే. అప్పుడేం చేసేవాళ్ళం? ఒకే సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, చెరో ఫోనూ పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి నేను ఆయనకు ఫోన్లో జోకు పంపించాను. ఆయన పక్కనే కూర్చుని నాకు పడీ పడీ నవ్వే బొమ్మ పంపించారు. మొహంలో మాత్రం ఒక్క కండరం కదల్లేదు!

ఇప్పుడు చూడండి. చార్జరు చెడిపోయిన తొలి వారంలోనే నాకు తెలిసిన సంగతులు ఇవి. మావారికి ఎస్కలేటరు ఎక్కాలంటే భయం. ఈయన వెనకబడితే బూటు లేసు కట్టుకుంటున్నారనుకునేదాన్ని. ఏడేళ్ళప్పుడు సూట్‌కేసు తాళంచెవి మింగేశారు. ఎక్స్‌రే తీస్తే కడుపులో తాళంచెవి పళ్ళతో సహా కనిపించిందట. ఏడుస్తున్నవారు కాస్తా ఆ ఫిల్మ్ చూసి ఏడుపు మానేసి, 'నేను ఇదే ఉద్యోగం చేస్తా' అన్నారట. ఇంటిల్లిపాదీ రెండు రోజులు సూట్‌కేసు తెరవలేక కట్టుబట్టలతో ఉన్నారట! పెళ్ళికి ముందు ఎనిమిది నెలలు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఒక్కసారైనా తాళంచెవి ప్రసక్తి వచ్చిందా? రాలేదు! అప్పుడు సిగ్నల్ బాగుండేది మరి.

అయితే నాకొక అనుమానం ఉండేది. మావారు రోజూ కూర్చునేటప్పుడు, "ఈ దిక్కుమాలిన చార్జరు ఎప్పుడు వదులుతుందో!" అని విసుక్కునేవారు. ఆయనకు ఇది నిజంగానే బరువా? లేక నాలాగే లోపల్లోపల మురిసిపోతున్నారా? అడిగితే తెలిసిపోతుంది. అందుకే అడగలేదు. కొత్త పెళ్ళికూతురికి ఆ మాత్రం పిరికితనం ఉంటుంది.

ఈలోగా వదినగారు మళ్ళీ ఫోను చేశారు. ఈసారి గొంతులో కంగారు.

"ఏమ్మా, రోజూ పొద్దున ఏడుంపావు నుంచి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ దాకా వాడి గుండె ఖాళీ వస్తోంది! యాప్ ఎర్ర గీత పెడుతోంది."

"చార్జింగ్ వదినా. అప్పుడు చేతికి ఉండదు కదా."

"రోజూ నలభై నిమిషాలా? చార్జరు పాడైందన్నమాట. ఉండు, నాన్నని పంపిస్తున్నా."

ఇంకేముంది, కొంప మునిగింది! మా మామగారు రిటైరైన రేడియో మెకానిక్కు! పాడైన వస్తువు కంటబడితే ఆయనకు ముద్ద దిగదు. ఆదివారం పొద్దున అత్తగారితో కలిసి దిగారు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే కాలింగ్ బెల్ విప్పారు. దాన్ని బాగుచేశాక లోపలికొచ్చి, కుంటుతున్న కుర్చీని నిలబెట్టి, కారుతున్న కొళాయి నోరు మూయించి, అప్పుడు అడిగారు.

"ఏదమ్మాయ్, ఆ చార్జరు?"

"కనిపించట్లేదు మామయ్యగారూ," అన్నాను. దాన్ని నా రెయిన్‌కోటు జేబులో దాచిందాన్ని నేనే.

"చెప్పుల స్టాండు మీద రెయిన్‌కోటులో ఉంది నాన్నా," అన్నారు మావారు! "బాగుచేసెయ్యండి, పీడా పోతుంది."

పీడా పోతుందట! ఆ క్షణంలో నా గుండె చప్పుడు ఏ వాచీ అయినా కొలిచి ఉంటే, వదినగారు అంబులెన్సు పంపించి ఉండేవారు.

మామగారు నేల మీద గుడ్డ పరిచారు. కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించారు. సోల్డరింగ్ పెన్ను ప్లగ్గులో పెట్టి, బిళ్ళ మూత ఊడదీశారు.

అత్తగారు సోఫాలోంచి ఒక మాట విసిరారు. "ఊళ్ళో రేడియోలన్నీ బాగుచేశావు. మనింటి రేడియోకి మాత్రం ఇరవై ఏళ్ళూ యాంటెన్నా తీగ నేను పట్టుకుంటేనే పలికేది. ఎన్నిసార్లు చెప్పినా, 'రేపు చేస్తాలే' అనేవాడివి. ఎంతసేపు నిలబెట్టేవాడివయ్యా నన్ను, పక్కన!"

మామగారు బిళ్ళ మీదికి మరింత వంగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తలెత్తకుండానే నన్ను అడిగారు. "దీన్ని ఇద్దరూ పట్టుకోవాలా?"

"అవును మామయ్యగారూ."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"అంతసేపూ ఏం చేస్తారు?"

"చేతులు ఖాళీ ఉండవు కదండీ. కబుర్లు చెప్పుకుంటాం."

ఆయన సోల్డరింగ్ పెన్ను ప్లగ్గులోంచి పీకేశారు. మూత యథాతథంగా బిగించారు. "ఇది బాగయ్యే జబ్బు కాదమ్మాయ్," అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

అత్తగారు సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "అంటే... ఆ రేడియో కూడా..." అని ఆగిపోయారు. మామగారు అప్పటికే మా వంటింటి గడియారం విప్పడానికి లేచి వెళ్ళిపోయారు!

గండం గడిచిందనుకున్నాను. కానీ వదినగారి సంగతి తెలియనిదేముంది? ఎక్కడ పట్టారో ఏమో, వారం తిరిగేసరికి అసలు సిసలైన కొత్త చార్జరు కొరియర్లో వచ్చేసింది.

దాన్నేమనాలి? మహా బుద్ధిమంతురాలు! బిళ్ళ ఠక్కున అతుక్కుంటుంది. వైరు ఎటు వంచినా పలుకుతుంది. ప్లగ్గులో పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. మేం మా పని చూసుకున్నాం. మర్నాడు ఏడుంపావుకు ఆయన సోఫా ఆ చివర, నేను ఈ చివర. నడవాలో వాచీ ఒక్కతే చార్జింగ్ ఎక్కించుకుంటోంది. దానికి మా అవసరం లేదు. దానికి లేకపోయేసరికి, మాకు మా అవసరం కూడా లేనట్టయిపోయింది. ఫోన్లో ఎవరో ఎక్కడో పిల్లికి స్నానం చేయిస్తున్నారు. నేను శ్రద్ధగా చూశాను. నాలుగు రోజుల్లో పదకొండు పిల్లులు స్నానం చేశాయి. మావారి గురించి కొత్తగా ఒక్క సంగతీ తెలియలేదు.

ఇంట్లో ప్రతి వస్తువూ సవ్యంగా పనిచేస్తే మనుషులు ఒకరినొకరు ఎందుకు పిలుచుకుంటారు? 'కాస్త ఇటు పట్టుకో' అనడానికి ఒక వంక కావాలి కదండీ! ఊరికే, ఏ వంకా లేకుండా, 'నా పక్కన కాసేపు కూర్చోండి' అని అడగడం నాకు చేతకాదు. డిగ్రీలో ఆ పేపరు లేదు.

ఐదో రోజు ఏడుంపావుకు నడవాలోంచి మావారి గొంతు వినిపించింది.

"ఇలా వస్తావా కాస్త? ఈ కొత్తది ఏదో తేడాగా ఉంది. చార్జింగ్ సరిగ్గా ఎక్కట్లేదు."

వెళ్ళాను. ఆయన చెప్పుల మధ్య చతికిలబడి ఉన్నారు. చేతిలో పాత చార్జరు. దాని మెడ అప్పటికే వంచి, పైకెత్తి, బిగబట్టి పట్టుకున్నారు. కొత్తది ఎక్కడుందో కనబడలేదు. స్టాండుకు వేలాడుతున్న నా రెయిన్‌కోటు జేబు మాత్రం ఉబ్బెత్తుగా ఉంది.

వాచీ వంక చూశాను. నూటికి నూరు శాతం చూపిస్తోంది.

పక్కన కూర్చుని, రెండు బొటనవేళ్ళతో బిళ్ళ నొక్కాను.

"కదలకు," అన్నారు మావారు. "ఊపిరి బిగబట్టు."

అందుచేత వదినగారూ, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుందని తెలిసే రాస్తున్నాను. యాప్‌లో పొద్దుటి పూట ఆ ఖాళీ మళ్ళీ కనిపిస్తే కంగారు పడకండి, ఇంకో చార్జరు మాత్రం పంపకండి. ఆ నలభై నిమిషాలు మీ తమ్ముడి గుండె కొట్టుకున్నట్టు మీ దగ్గర రుజువులు ఉండవు. సాక్షిని నేనున్నాను.