కాషియరమ్మ నేర్పిన ఉడుత పాఠం

ఆ పొద్దున కాషియరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతుర్ని కొత్త బడికి తీసుకెళ్ళాలి, హెడ్‌మిస్ట్రెస్‌కి చూపించాలి, పక్కన కూర్చుని చదివించే స్పెషల్ టీచర్‌ని ఇప్పించమని అడగాలి. బ్యాంకు వాళ్ళు ఆమెను ఊళ్ళోనే ఆ చివరి బ్రాంచికి బదిలీ చేయడంతో పిల్లకి బడి మారక తప్పలేదు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకి అక్షరాలు కంటి ముందు కుదురుగా నిలబడవు. పక్కన మనిషి లేకపోతే వెనక బెంచీలో కూర్చుని ఏడుస్తుంది.

"పాత స్పెషల్ టీచర్ని కూడా రమ్మందాం. పిల్ల సంగతి ఆవిడకే బాగా తెలుసు," అన్నాడు భర్త.

"ఆవిడెందుకు? తల్లిని నేను లేనా?"

అసలు సంగతి కుళ్ళు. కడుపు నిండా కుళ్ళు. అన్నం పెట్టినా, జడ వేసినా "మా టీచర్ అలా చెయ్యదమ్మా" అంటుంది పిల్ల. కని పెంచింది ఒకరు, పేరు ఇంకొకరికి! అందుకే కాషియరమ్మ వారం రోజులుగా బ్యాంకు నుంచి వస్తూనే కొత్త బడి వాచకంలోని ఉడుత పాఠం పైకి చదివి, పిల్ల చేత పదేపదే అనిపించింది. పిచ్చుకేమో ఒకసారి విన్నది మరిచిపోదు. ఆ విషయం తల్లికి తట్టలేదు.

"నీకొచ్చిన పాఠం చదువమ్మా," అంది కొత్త బళ్ళో హెడ్‌మిస్ట్రెస్, పిల్ల ముందు వాచకం పెట్టి. పిచ్చుక వేలు పెట్టి గలగలా మొదలుపెట్టింది. సగం పాఠం వినేసరికే హెడ్‌మిస్ట్రెస్ చాలంది.

"ఇంత బాగా చదివే పిల్లకి స్పెషల్ టీచర్ దేనికండీ?"

"అంతా నేనే నేర్పించానండీ!" కాషియరమ్మ పొంగిపోయింది. భర్త మోచేత్తో పొడిచాక గాని, తనేం పోగొట్టుకుందో తెలియలేదు. "అబ్బే, దీనికి చదవడం రాదండీ!"

"ఇప్పుడేగా నేర్పించానన్నారు?"

"నేర్పించాను కానీ రాలేదండీ."

"కన్నతల్లే పిల్లని ఇలా చులకన చేస్తే ఎలాగమ్మా?"

భర్త సర్దబోయాడు. "మా ఆవిడ మాట నమ్మకండి. అంటే, ఇందాకటిది నమ్మకండి, ఇప్పటిది నమ్మండి."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సాయం కావలసింది పిల్లకో మీకో తేలడం లేదు. పాత టీచర్ వచ్చి చెబితే చూస్తాను."

కాషియరమ్మ వరండాలోకి వచ్చి, పళ్ళు కొరుక్కుంటూ ఫోన్ చేసింది.

"పొద్దుట్నుంచీ తయారై కూర్చున్నానండీ, పిలుస్తారేమోనని," అందావిడ.

ఆవిడ గదిలో అడుగు పెట్టగానే పిచ్చుక పరుగెత్తుకెళ్ళి నడుం వాటేసుకుంది. కాషియరమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా అవసరం తనది కాబట్టి నవ్వింది.

టీచర్ వాచకం చివర్లో ఓడ బొమ్మ ఉన్న పేజీ తెరిచి, "ఇది చదువు తల్లీ," అంది. పిచ్చుక ఓడ కింద వేలు పెట్టి, ఇందాక ఉడుత పాఠం ఆగిన చోటు నుంచి అందుకుంది.

"ఉడుత కాయని గూట్లో దాచుకుంది. కాలు ఊపకు. జోరున వాన వచ్చింది. ఆవులించావంటే చూడు. ఉడుత హాయిగా నిద్రపోయింది. ఇప్పుడు చెప్పు, నేను బాగా చెప్తానా, మీ టీచర్ బాగా చెప్తుందా? నా పేరు చెప్తేనే ఐస్‌క్రీమ్."

కాషియరమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ ఇంకేమీ అడగకుండా, మర్నాటి నుంచే పిల్లకి కొత్త స్పెషల్ టీచర్ని ఏర్పాటు చేసింది.

నెల తిరక్కుండానే పిచ్చుక జడ వేయించుకుంటూ, "మా కొత్త టీచర్ అలా చెయ్యదమ్మా," అంది. ఆ సాయంత్రమే పాత టీచర్ ఫోన్ చేసింది. పిల్ల ఆరోగ్యం అడిగింది, చదువు అడిగింది, కాసేపు నసిగింది.

"ఆవిడ... నాకంటే బాగా చెబుతోందాండీ?"

"ఆవిడ మొహం!" అంటూ కాషియరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

పక్క గదిలో పిచ్చుక ఓడ పాఠం చదువుకుంటోంది. కూడబలుక్కుంటూ, ఆగుతూ, ఈసారి నిజంగానే చదువుతోంది. ఇవతల గదిలో ఆ రోజు కుదిరిన స్నేహం మాత్రం, కొత్త టీచర్ దయవల్ల, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.