నాలుగో ఫ్లాటుకు నంబరు పోయింది

“నేరమంటే ఏసీల గ్యాస్ లెక్క, బాషాభాయ్. లీకైతే కండ్లకు కనవడది. పట్టాలంటే నాసొంటోడే రావాలె.”

దుబాయ్ అల్ కుసైస్‌లో ఓ మూడంతస్తుల బిల్డింగు వెనక మెట్ల మీద కూర్చుని లింబాద్రి ఈ ప్రకటన పూర్తిచేసేసరికి వాచ్‌మన్ హయాత్ బాషా చేతిలో టీ చల్లారిపోయింది. ఏసీలు బాగుచేయడం లింబాద్రికి పొట్టకూడు, అపరాధ పరిశోధన ప్రాణం. జగిత్యాల నుంచి వచ్చిన పన్నెండేళ్లలో చేపట్టిన కేసులు రెండు. ఒకటి, మాయమైన తన చెప్పులది. అవి తన మంచం కిందే దొరికాయి. రెండోది ఇది.

కడప జిల్లా బాషాకు మాత్రం ఇది ఆట కాదు. నాలుగో ఫ్లాటు తలుపు మీది ఇత్తడి నంబరు బిళ్ల వారం కిందట మాయమైంది. రేపు, పదిహేనో తేదీన, అగ్ని భద్రత తనిఖీ. ప్రతి తలుపుకూ నంబరు ఉండి తీరాలి. కొత్త బిళ్ల చేయించాలంటే పది రోజులు. తలుపు మీది బిళ్లను కాపాడలేనివాడు బిల్డింగునేం కాపాడతాడని ముదీర్, అంటే బిల్డింగు మేనేజరు, సనావుల్లా అడిగాడు. అది దొరికేదాకా బాషా వీసా పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.

ఆ ఫ్లాటులో వారం కిందటే దిగిన చైనా ఆవిడ, దీపాల దుకాణం నడిపే లియు మేడమ్‌నే అడిగితే పోలేదా అని బాషా ఇప్పటికి మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ లింబాద్రి నాలుక చప్పరించాడు. బాధితురాలిని కదిలిస్తే అపరాధి జాగ్రత్తపడతాడట, అది పరిశోధనలో మొదటి సూత్రమట. రెండో సూత్రం ఏమిటని బాషా అడగలేదు. అడిగితే ఇంకో టీ తెప్పించాలి.

లింబాద్రి చొక్కా జేబులోంచి ఓ మడత కాగితం తీశాడు. మేడమ్ గడప దగ్గర దొరికిందట. అందులో తొమ్మిది గడులు. పై వరుసలో 4, 9, 2. దాని కింద 3, 5, 7. అడుగున 8, 1, 6.

“ముందుగల్ల నాలుగున్నది. నాలుగో ఫ్లాటు ఖలాస్. ఇగ తొమ్మిది, తర్వాత రెండు. ముఠా నాయకుడు వరుసవెట్టి వస్తుండు. నడుమల ఐదు చూసినవా? ఐదో ఫ్లాటుల ఎవరుంటరు?”

“నువ్వే కదప్పా.”

“గదే. నన్ను నడుమల వెట్టి చుట్టుముడుతుండు.”

అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూల నుంచి మూలకు కూడినా పదిహేనే వస్తోందని తేలాక లింబాద్రికి చెమటలు పట్టాయి. అంతర్జాతీయ కుట్ర సరిగ్గా తనిఖీ రోజుకే ముహూర్తం పెట్టుకుందన్నమాట.

బాషా గడ్డం గోక్కున్నాడు. చిన్నప్పుడు చదువు వంటబట్టడం లేదని వాళ్లమ్మ ఊళ్లో ఫకీర్ సాహెబ్ చేత తాయెత్తు కట్టించింది. అందులో ఏముందోనని ఓ రోజు విప్పి చూశాడు. ఇవే గడులు, ఇదే వరుస.

“ఇది తాయెత్తప్పా. మా ఊర్లో జ్వరానికీ కడతారు.”

“చైనామెకు మీ ఫకీర్ సాబ్ తాయెత్తు ఎట్లొస్తది? ఆలోచన నాకిడిసిపెట్టు.”

నేరస్తుడు నేరం జరిగిన చోటికి మళ్లీ వస్తాడు కనుక, లింబాద్రి గడుల కాగితాన్ని బాషా చేతిలో పెట్టి, పట్టపగలే చెత్త ట్రాలీలో దూరి మూత వేసుకున్నాడు. వెనక గేటు దగ్గరి ర్యాంపు మీద నిలబెట్టిన చక్రాల ట్రాలీ అది. ర్యాంపు తిన్నగా నాలుగో ఫ్లాటు గుమ్మంలోకే దిగుతుంది. పిడి వదలకుండా పట్టుకుని, అచ్చం వాచ్‌మన్‌లా నటించమని బాషాకు ఆజ్ఞ. ఆ మాత్రం నటన బాషాకు వచ్చు.

గంట గడిచింది. ఆరో ఫ్లాటువాళ్లు తిని పారేసిన చేపముళ్ల గురించి ట్రాలీలోంచి ఫిర్యాదులు వినిపిస్తుండగా బాషా ఫోను మోగింది. సనావుల్లా. బిళ్ల దొరకలేదు కదా, ఆ వీసా కాగితం నీ కళ్లముందే చించడానికి వస్తున్నాను అన్నాడు. బతిమాలడానికి బాషా ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు. పిడి జారింది.

సరిగ్గా అప్పుడే లియు మేడమ్ దుకాణానికి బయల్దేరి తలుపు తీసింది. ఆమె పక్కకు తప్పుకుంది. పిలవకుండా వచ్చిన చుట్టంలా ట్రాలీ ఆమెను దాటి తిన్నగా హాల్లోకి పోయి, ఆగ్నేయ మూలనున్న పూలకుండీని గుద్దింది. కుండీ పగిలింది. మట్టిలో ఇత్తడి నాలుగు తళుక్కుమంది. ట్రాలీ మూత గొళ్లెం బిగుసుకుపోయింది.

“దొరికిండా?” అంది ట్రాలీ.

మేడమ్ వచ్చీరాని హిందీలో అంతా చెప్పింది. బిళ్ల ఊడదీసింది తనే. వాళ్ల భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటకు దగ్గరగా పలుకుతుంది. రోజూ ఆ తలుపు దాటడమెలా? అలాగని అంకెను పారేయకూడదు, గడప దగ్గర తాను జారవిడిచిన గడుల కాగితంలో ప్రతి అంకెకూ ఓ చోటుంది. బేసివి ఆకాశానివి, సరివి నేలవి, అందుకే సరివి మూలల్లో ఉంటాయి. నడుమ ఐదు అన్నిటినీ పట్టి ఉంచుతుంది. వాళ్ల పటాల్లో దక్షిణం పైనుంటుంది కనుక నాలుగు చోటు ఆగ్నేయం. అందుకే కుండీలో పెట్టింది.

“అకేలా చార్ ఖరాబ్. నౌ భాయ్ సాథ్ మే, అచ్ఛా.”

ఒంటరి నాలుగు చెడ్డది, తొమ్మిదిమందిలో కలిస్తే మంచిదే. ఆ సంగతి బాషాకు ఒకరు చెప్పాలా? దుబాయ్‌లో గదికి ఒక్కడుంటే బెంగతో చస్తాడు, తొమ్మిదిమంది ఉంటే కొట్టుకుంటూనైనా బతికేస్తారు.

దీపాల అట్టపెట్టె ఒకటి చింపి, తొమ్మిది గడులు గీసి, కాగితం చూడకుండానే ఎనిమిది అంకెలు రాశాడు. మొదటి గడి ఖాళీగా ఉంచి అందులో ఇత్తడి బిళ్లను పెట్టాడు. మేడమ్ కాగితాన్నీ అతని చేతినీ మార్చి మార్చి చూసింది. ఫకీర్ సాహెబ్ చైనాలో చదివాడా అని అడిగింది. ఆయన ప్రొద్దుటూరు దాటి ఎరగడన్నాడు బాషా. అట్టను తలుపుకు బిగించారు. ఎనిమిదిమంది అన్నదమ్ముల నడుమ నాలుగు పెళ్లికొడుకులా మెరిసింది.

వీసా కాగితం పట్టుకుని సనావుల్లా వచ్చాడు. మేడమ్ అతన్ని నోరెత్తనివ్వలేదు. బిళ్ల తీసింది తానేననీ, రేపో మాపో ఇల్లు ఖాళీ చేద్దామనుకున్నాననీ, ఈ వాచ్‌మన్ ఉంటే మాత్రం ఇంకో రెండేళ్లు కదలననీ చెప్పింది. ముదీర్ తలుపు వైపు చూశాడు. పెదాలు కదుపుతూ అడ్డంగా కూడాడు, నిలువుగా కూడాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని గుమ్మం దగ్గరికి లాగి ఉంచిన ట్రాలీ మూత మీద పరిచి సంతకం మొదలుపెట్టాడు.

“బాషాభాయ్,” ట్రాలీ గుసగుసలాడింది, “ముఠా నాయకుడు నా నెత్తిమీదనే ఏదో రాస్తుండు. చప్పుడు చెయ్యకు.”

బాషా చప్పుడు చేయలేదు. సిరా ఆరేదాకా మూతా తీయలేదు.