అక్కయమ్మ కంటే ముందు బయల్దేరిన సంచి

ఆ సోమవారం పొద్దున అక్కయమ్మ ఆలోచన చాలా సులభంగా ఉంది. బాగేపల్లిలో ఇంత సంగటి తిని, విమానమెక్కి, దీపాలు పెట్టే వేళకు హైదరాబాదులో మనవరాలు వినుత బిడ్డను తొట్లో వేయాలి. ఇంటికి పెద్దది కాబట్టి ఆ పని ఆమెదే. ఆమె అందకపోతే మాత్రం బిడ్డ నాయనమ్మ ప్రతిమ వేస్తుంది. బెంగళూరులో టీచరుగా చేసిన ప్రతిమ ఒకసారి వేసిందంటే, ఆ ముచ్చట బిడ్డ పెళ్లిదాకా చెబుతూనే ఉంటుంది. ఆమెకూ అదే విమానంలో టికెట్టు.

"హైదరాబాదు ఉత్తరానుంటే మనం దక్షిణానికి పోయేదేంటికప్పా?" అని అక్కయమ్మ మనవడు మోహన్‌కుమార్‌ను అడిగింది.

"విమానాలుండేది దేవనహళ్లిలో కదవ్వా. ఎక్కినాక గంటే. మళ్లీ మన ఇంటి మీదనే పోతాది."

"మీదనే పోయేదైతే ఈడనే రోంత నిలపమను."

చిక్కల్లా రాహుకాలంతో వచ్చింది. బయల్దేరే వేళ సరిగ్గా అందులో పడింది. దానికి అక్కయమ్మకు తెలిసిన ఉపాయం పరస్థానం. మంచి ఘడియలో మూటను పక్కింట్లో పెట్టేస్తే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఎప్పుడైనా తీసుకుని పోవచ్చు. అందుకే తెల్లవారగానే తన సంచిని పక్కింటి దేవరాజ్ నడవలో పెట్టి వచ్చింది.

"ఆధార్ కార్డు యాడవ్వా? అది లేకుంటే విమానం ఎక్కనీరు," అన్నాడు మోహన్‌కుమార్.

"సంచిలోనే పెడితిని. నా మొగం ఉండాది కదప్పా దాంట్లో! అది పోతే నేను పోయినట్లే."

తీరా చూస్తే దేవరాజ్ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే ఆ తాళం వెనకే మోగింది.

"పట్టుగూళ్లు అమ్మేదానికి శిడ్లఘట్టకు పాయ," అంది ఎదురింటి అంబిక. "నడవలో ఉండే సంచులన్నీ వ్యానుకెత్తె. నీది గూడా ఎక్కె. నువ్వెప్పుడు పురుగులు మేపితివబ్బా అనుకుంటి!"

"నా మొగం గూళ్ల మార్కెట్టుకు పాయనే!" అంటూ అక్కయమ్మ కారెక్కింది.

చిక్కబళ్లాపురం మీదుగా శిడ్లఘట్ట చేరేసరికి మార్కెట్టులో దేవరాజ్ లేడు. "సంచి ఇప్పితే చీర, చెక్కిలాలు, ఒక అవ్వ ఫోటో ఉండె," అన్నాడక్కడి మనిషి. "అయ్యో పాపమని ఇచ్చేదానికి చింతామణి రోడ్డులో బాగేపల్లికి పాయ."

వెనక్కి వస్తే దేవరాజ్ సంచి ఒళ్లో పెట్టుకుని అక్కయమ్మ వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. "యాడికి పోయింటివమ్మా? నీకోసరం వ్యాను ఎగరేసుకుని వస్తినే!"

అదే సమయానికి ఎయిర్‌పోర్టు నుంచి ప్రతిమ ఫోను. "గంట ప్రయాణానికి ఇంత రభసేమమ్మా? ఇక్కడ ఎక్కడానికి పిలుస్తున్నారు, మీరు కారులో నిదానంగా రండి. బిడ్డను నేను వేస్తాలెండి."

అక్కయమ్మ ఫోను మనవడి చేతిలో పెట్టింది. "తోలు నాయనా. హైదరాబాదు రోడ్డు మన ఊళ్లోనే ఉండాది కదా."

దారి పొడుగునా ఆమె సంచిని వదల్లేదు. పైన ఏ చప్పుడైనా కిటికీలోంచి తల బయటపెట్టి, "అదో, ప్రతిమమ్మ పోతాంది," అని నిట్టూర్చింది. ఇంటి ముందు దిగేసరికి దీపాలు వెలుగుతున్నాయి. గడపలోనే నిలబడి అడిగింది.

"మీ అత్త తొట్లో వేసేసిందా వినుతా?"

"మా అత్త ఇంకా దేవనహళ్లిలోనే ఉండారవ్వా! పొద్దున మంచు అని నిలిపిరంట, ఎక్కినాక రిపేరని దించిరంట. నీ కోసమే చూస్తాండాము, రా!"

బిడ్డను తొట్లో వేసి అక్కయమ్మ రెండు ఊపులు ఊపిందో లేదో ఫోను మోగింది. ప్రతిమ గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "వేళ దాటిపోతోందమ్మా, ఇంకా మళ్లీ ఎక్కించలేదు!"

అక్కయమ్మ తొట్టి ఊపడం ఆపకుండానే చెప్పింది: "గంటే కదమ్మా, నిదానంగా రాండి."