మూడుసార్లు అదిరితే

ఆ పొద్దున బేతంచెర్ల ఆకాశం ఒక్క మబ్బు ముక్కను తెచ్చి, జనం ఆశపడేలోపే వెనక్కి తీసుకుంది. వాకిట్లో కూర్చున్న బొజ్జన్న మణికట్టుకు కూతురు శివలీల నల్ల పట్టీ ఒకటి కడుతోంది. ముప్పై ఏళ్లు నాపరాయి గనిలో పనిచేసిన మనిషి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు.

ఆ చెవుల వల్లే రంగస్వామి దూరమయ్యాడు. ఒకే గడ్డపారకు చెరో చెయ్యి వేసిన నేస్తం. డోన్ స్టేషన్‌లో పిలిస్తే బొజ్జన్న పలకలేదని మూడేళ్లుగా గడప తొక్కలేదు. ఎవరో నచ్చజెబితే ఈరోజు భోజనానికి వస్తున్నాడు. ఈసారీ పలకకపోతే ఇక రాడు.

"నాయనా, నేను ఫోన్లో నొక్కితే ఇది అదురుతాది. మూడుసార్లయితే రంగస్వామి మామ వచ్చినాడని. రెండైతే ఆగమని!" శివలీల వేళ్లు చూపుతూ అరిచింది.

బొజ్జన్నకు అందినవి వేళ్లు మాత్రమే. ఆ లెక్కల అర్థాలు అతనికి ముప్పై ఏళ్లుగా తెలుసు. గని రొదలో రంగస్వామి గడ్డపార మీద సుత్తితో తడితే, ఆ అదురు బొజ్జన్న అరచేతిలో మాటయ్యేది. ఒకటి, గండం గడిచింది. రెండు, ఇంకా దూరం పో. మూడు, రాయి పేల్చే తూటా అంటించారు, పరుగెత్తు.

మధ్యాహ్నం రంగస్వామి వీధి మలుపులో కనబడగానే శివలీల మూడు నొక్కింది.

"తూటా!" బొజ్జన్న కేక పెట్టి, పొయ్యి దగ్గరున్న భార్య హులిగెమ్మను రెక్క పట్టి బయటికి లాగాడు.

"ఏందయ్యా! పెనం మీద రొట్టె ఉండాది!"

"రొట్టె పోతే పోనీ మే, పానం ఉండాల!"

శివలీల కంగారుగా రెండు నొక్కింది. బొజ్జన్న ఇంకా దూరం పోయాడు. మళ్లీ రెండు నొక్కింది. ఈసారి పక్కింటి మేకపిల్లను చంకనేసుకుని మరీ పోయాడు. అంగడి సుబ్బరత్నమ్మ అది చూసి షట్టర్ దించేసింది.

"గ్యాస్ బండ పేల్తాదంట!"

"యాడ?"

"ఎవురికి తెల్సు? ముందు పరిగెత్తప్పా!"

వీధి వీధంతా లేచింది.

ఎదురొస్తున్న రంగస్వామి ముఖం ముడుచుకున్నాడు. "అన్నానికి పిలిచి యాడికో పోతాండావే, ఇదేనా మర్యా..."

బొజ్జన్న అతని మెడ పట్టి, పేర్చిన నాపరాళ్ల వెనక బోర్లా పడేసి, తాను పైకప్పులా మీద పడుకున్నాడు. గనిలో ఎన్నిసార్లు ఇలా పడుకున్నారో లెక్కలేదు. బొజ్జన్న గుండె దడ రంగస్వామి వీపుకు తగులుతోంది. కాసేపటికి రంగస్వామి అతని అరచేతిని వెతికి పట్టుకుని, వేలితో ఒక్కటి తట్టాడు.

బొజ్జన్న లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఎప్పుడొచ్చినావు రంగప్పా?"

రంగస్వామి పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

వీధిలోవాళ్లు ఇంకా తిరిగి రాలేదు కాబట్టి, నలుగురూ ప్రశాంతంగా తిన్నారు.