గంజి పెట్టిన గురి

కార్వాన్ వాస్తవ్యులకు తెలియజేయడమేమనగా, టార్పాలిన్ల హోల్‌సేల్ వ్యాపారి కైలాసం గారి ఇంట దసరాకు వారం ముందు జర్మనీ రైఫిల్ ఒకటి దిగింది. ఆ రోజు నుంచి ఆయన షూటింగ్ క్రీడాకారుడు. కాల్చేది ఆయన కూతురు స్రవ్య అన్న మాట నిజమే గాని, రైఫిల్ రసీదు మీద ఉన్న పేరు ఆయనది. రసీదు ఎవరి పేరున ఉంటే ఘనత వారిదేనని ముప్పై ఏళ్లు వ్యాపారం చేసిన మనిషికి ఇంకొకరు చెప్పాలా?

స్రవ్యకు ఇరవై ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. బహదూర్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు మేడమీద పది మీటర్ల రేంజి ఉంది. ఈ చివర నిలబడి, ఆ చివర ఉన్న లక్ష్యం నడుమ ఆవగింజకన్నా చిన్నదైన చుక్కను గాలి రైఫిల్‌తో కొట్టాలి. కింద పెళ్లివారి బ్యాండు మోగుతున్నా కొట్టాలి. మూడేళ్లుగా క్లబ్బు వారి పాత రైఫిల్‌తో, క్లబ్బు వారి పాత జాకెట్ వేసుకుని ఆ పిల్ల అదే పని చేస్తోంది. డిసెంబరులో రాష్ట్ర పోటీలు. జూనియర్‌గా ఆమెకు అవే చివరివి. మొదటి నలుగురిలో నిలిస్తే రాష్ట్ర జట్టులో చోటు దొరుకుతుంది. స్రవ్య లోకంలో కోరుకున్నది ఆ నాలుగు చోట్లలో ఒకటి. కైలాసం కోరికల జాబితా ఇంకొంచెం పొడుగు.

ఆమెకు నేర్పేది ప్రకాశం సార్. పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఎన్ని సద్గుణాలున్నా ఆయనలో ఒక పెద్ద లోపం ఉంది: వస్తువుల గురించి మాట్లాడడు. పిల్లల్ని నిలబెడతాడు. బరువు కండల మీద కాక ఎముకల మీద వేయమంటాడు. ఊపిరి సగం వదిలి ఆపమంటాడు. ట్రిగ్గర్ గుంజొద్దు, మెల్లగా ఒత్తమంటాడు. గుండు పోయాక కూడా చూపు తిప్పొద్దంటాడు. ఇదంతా గుండు వేయకుండా, ఖాళీ రైఫిల్‌తో, రోజుకు అరగంట. ఒక ఆదివారం కైలాసం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఈ విద్యను స్వయంగా పరిశీలించాడు. అరగంటలో ఒక్క చప్పుడూ వినపడలేదు.

"ప్రకాశం భాయ్, పిల్ల ఇంతసేపు నిలవడ్డది గాని ఒక్క గుండు కొట్టలే. ఉట్టిగ నిలవడనికి ఇంత దూరం రావాల్నా? మా దుకాణంల నిలవడ్తె గిరాకులనన్న చూసుకుంటుండె."

"నిలవడుడే ఆట అన్నా. గుండుదేముంది, అదే పోతది."

కైలాసానికి విషయం అర్థమైంది. వస్తువు లేనివాడే ఓపికను పొగుడుతాడు. అందుచేత ఆయన వస్తువులు తెప్పించాడు. రైఫిల్ తరువాత కదలని అడుగుతో బూట్లు, తలుపు రేకులాంటి ప్యాంటు, ఒక కంటికి అడ్డం పెట్టుకునే తెర, ఎడమ చేతికి తొడుగు, చివరగా ఒంటి కొలతకు కుట్టించిన మందపాటి కాన్వాస్ జాకెట్ వచ్చాయి. క్లబ్బు వారి పాత జాకెట్‌ను శాలువా కప్పి మరీ క్లబ్బుకు తిరిగి ఇచ్చేశారు. పాతవి ఇంట్లో ఉంటే కొత్తవాటికి చిన్నతనమని ఆయన అభిప్రాయం. చూడటానికి వచ్చిన బంధుమిత్రులు తలా ఒకసారి రైఫిల్ ఎత్తి, మూయకూడని కన్ను మూసి, నాగమణమ్మ తులసి కుండీకి గురిపెట్టి, తమకు తోచిన సలహా ఇచ్చి, చాయ్ తాగి వెళ్లారు. నాగమణమ్మ కైలాసం తల్లి. గురిపెట్టడానికి ఇంట్లో ఇంకేమీ దొరకలేదా అని ఆమె అడిగిన ప్రశ్న ఎవరి చెవినా పడలేదు.

దసరా నాడు ఆయుధపూజ జరిగింది. టార్పాలిన్లు కోసే కత్తెరలకు, తూకం రాళ్లకు ఏటా జరిగేదే. ఈసారి పీఠం మీద రైఫిల్ కూర్చుంది. పసుపు రాశారు, గంధం పూశారు, గొట్టానికి నిమ్మకాయ కట్టారు. బొట్టు ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు కైలాసం బాగా ఆలోచించి, కంటిని ఆనించి చూసే ఆ చిన్న బెజ్జం మీదే నిండుగా కుంకుమ పెట్టాడు. మర్నాడు రేంజిలో స్రవ్యకు లక్ష్యం కాదు కదా, ఎదుటి గోడ కూడా కనిపించలేదు. ప్రకాశం సార్ సూదితో, దూదితో రెండు గంటలు కూర్చుని ఆ కన్ను తెరిపించాడు. పూజ అంటే పనిముట్టును మన కళ్లకద్దుకోవడమని పెద్దలు చెప్పారు. దాని కన్ను మూసేయమని చెప్పినట్టు ఎక్కడా కనబడదు. కాని అమ్మవారి కుంకుమ తుడిచాడన్న కోపం కైలాసం మనసులో దీపావళి దాకా ఉండిపోయింది.

ఈలోగా మరో ప్రమాదం బయటపడింది. రేంజి దక్షిణముఖంగా ఉంది. యముడి దిక్కుకు తిరిగి ఆడపిల్ల అరవై గుండ్లు కాల్చడం శ్రేయస్కరం కాదని, లక్ష్యాలను తూర్పు గోడకు మార్చాలని కోరుతూ కైలాసం వర్తక సంఘం లెటర్‌హెడ్ మీద విజ్ఞప్తి సమర్పించాడు. ప్రకాశం సార్ దాన్ని శ్రద్ధగా చదివి, తూర్పున గోడ లేదని, కిటికీ ఉందని, గుండ్లు నేరుగా ఫంక్షన్ హాలు వంటమనుషుల మీదకు పోతాయని మనవి చేశాడు. కైలాసం ఒక రోజంతా ఆలోచించి, వంట చేసే చోటు మార్చవచ్చు కదా అన్నాడు.

ఇంట్లో వెనక గదిలో స్రవ్య రోజూ సాయంత్రం ఖాళీ రైఫిల్ పట్టుకుని నిలబడేది. అదే గదిలో ఒక మూల నాగమణమ్మ జపం చేసుకునేది. మనవరాలు ఊపిరి ఆపినప్పుడల్లా ముసలామె చేతిలో పూస కూడా ఆగేది. ఒకరికొకరు అడ్డం కాలేదు. ఒకనాడు ఆమె కొడుకుతో మెల్లగా అన్నది:

"కైలాసం, జపమాల బంగారందైతె నామం దానంతటదే పల్కుతదార?"

కైలాసం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. "మంచి ఆలోచనే అమ్మా. ధర జర తగ్గినంక చేపిద్దం," అన్నాడు.

పోటీకి రెండు రోజుల ముందు జాకెట్ సంగతి వచ్చింది. అది ఎందుకంత మందంగా ఉంటుందని కైలాసం అడిగితే ప్రకాశం సార్ రెండు వాక్యాలు చెప్పాడు. జాకెట్ ఎంత బిర్రుగా ఉంటే నడుముకు అంత ఆసరా అన్నది మొదటిది. ఆ బిర్రుతనానికి ఒక హద్దు ఉంది, పోటీ రోజు మిషన్ పెట్టి కొలుస్తారు, హద్దు దాటితే వేసుకోనియ్యరు అన్నది రెండోది. మొదటి వాక్యం అవగానే కైలాసానికి టార్పాలిన్ల లారీ గురించి ఫోను వచ్చింది. లోకంలో చాలా శాస్త్రాలు ఇలాగే వ్యాప్తి చెందాయి.

కార్వాన్‌లో కాటన్ చీరలకు గంజి పెట్టి రోలింగు చేసే కొండల్ పనితనం తెలియనివారు లేరు. అతను గంజి పెట్టిన చీర కట్టుకుని కూర్చున్నవారు లేవాలంటే చీరను బతిమాలుకోవాలి. పోటీ ముందు రోజు స్రవ్య రేంజికి పోయిన సమయం చూసి కైలాసం జాకెట్‌తో అతని దుకాణానికి వెళ్లాడు. కొండల్ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఎక్కడి బట్ట అన్నా ఇది?"

"జర్మనీది."

"గట్లయితె మూడుసార్లు పెడ్త."

సగ్గుబియ్యం గంజి మూడు పొరలు ఎక్కించి, వేడి రోలరు కింద ఆరబెట్టి, సాయంత్రానికి ఇచ్చాడు. కైలాసం ఇంటికి తెచ్చి హాలు మధ్యలో దించితే జాకెట్ నిలబడింది. కొక్కెం లేదు, కుర్చీ లేదు, లోపల మనిషి లేదు. చేతులు రెండూ కాస్త చాపి, ఎవరినో ఆహ్వానిస్తున్నట్టు నిలబడింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. ఫోటో వర్తక సంఘం గ్రూపులోకి పోయింది. నూట నలభైమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మనిషి లేకుండానే నిలబడే జాకెట్ దొరికాక ఇక మనిషికి నిలబడటం ఎందుకు నేర్పాలన్న సందేహం కైలాసానికి గట్టిగానే కలిగింది.

స్రవ్య వచ్చి బొటనవేలితో నొక్కి చూసింది. పాత తలుపు మీద తట్టినట్టు చప్పుడైంది.

"బాపూ, రేపు చెకింగ్ ఉన్నది."

"అందుకే గదా బిడ్డా పెట్టిచ్చింది."

ఆమె ప్రకాశం సార్‌కు ఫోను చేసింది. తడిపితే ఆ మందానికి రెండు రోజులైనా ఆరదని, తడవనియ్యొద్దని ఆయన చెప్పాడు.

మర్నాడు పొద్దున చలి. స్రవ్య ఎప్పుడో పదో తరగతిలో కొన్న, మోచేతి దగ్గర చిరిగిన పల్చటి బడి స్వెటర్ వేసుకుని తండ్రి వెంట బయలుదేరింది. తనిఖీ గదిలో అధికారి జాకెట్‌ను మిషన్ కింద పెట్టాడు. బట్ట ఎంత లోపలికి వంగుతుందో చూపే ముల్లు దానికి ఉంది. ముల్లు కదలలేదు. అధికారి మిషన్‌ను ఒకసారి తట్టి చూశాడు. తరువాత జాకెట్‌ను తట్టి చూశాడు.

"ఈ మిషన్ బట్టలకు సాబ్. తల్పులకు కాదు."

"ఒరిజినల్ జర్మనీ సార్ అది."

"జర్మనీవాళ్లు గంజి వొయ్యరు గదా."

రెండోసారి కొలవడానికి అరగంట గడువు ఇచ్చారు. ఆ అరగంటలో కైలాసం పడిన కష్టాన్ని ఎవరూ కాదనలేరు. జాకెట్‌ను మోకాలి కింద పెట్టి తొక్కాడు, మెట్ల కమ్మీకి వేసి బాదాడు, పైన కూర్చున్నాడు. తెల్లని పిండి లేచి ఆయన మీసాల మీద పడింది. ముల్లు ఈసారి కొద్దిగా కదిలింది, చాలినంత కదలలేదు. జాకెట్ మీద చెల్లదన్న ముద్ర పడింది. క్లబ్బు వారి పాత జాకెట్ ఆ పూట వేరే అమ్మాయి ఒంటి మీద ఉంది. స్రవ్య ఏడవలేదు. స్వెటర్‌తో కొట్టవచ్చా అని మాత్రం అడిగింది. అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి, అభ్యంతరం లేదన్నాడు.

జాకెట్ మోయవలసిన నడుమును ఆ రోజు నడుమే మోసింది. మొదటి ఇరవై గుండ్లలో ఆమె ఒళ్లు ఊగింది, పాయింట్లు రాలిపోయాయి. మధ్యలో ఆమె రైఫిల్ దించి, కళ్లు మూసుకుని, పాదాలు ఒక వేలెడు జరుపుకుని, వెనక గదిలో నిలబడినట్టు మళ్లీ నిలబడింది. అప్పటి నుంచి ఒక్కొక్క గుండు దాని చోటికి అది పోసాగింది. ఈ దృశ్యాన్ని కైలాసం చూడలేకపోయాడు. ఆయన మెట్ల మీద నిలబడి, విదేశీ మిషన్ వల్ల స్వదేశీ గంజికి జరిగిన అన్యాయంపై ఒక యూట్యూబ్ చానల్ వారికి మాట్లాడుతున్నాడు.

స్రవ్య ఐదో స్థానంలో నిలిచింది. నాలుగో అమ్మాయికన్నా నాలుగు పదోవంతులు తక్కువ. అర పాయింటు కూడా కాదు. బల్ల మీద కూర్చుని ఆమె బూటు తాళ్లు విప్పుకోవడానికి చాలా సమయం పట్టింది.

పది రోజులకు వర్తక సంఘం భవనంలో కైలాసం గారికి సన్మానం జరిగింది. ముందుగా సదరు మిషన్‌ను ఖండిస్తూ తీర్మానం చేశారు. వేదిక మీద దిండు వేసి రైఫిల్‌ను పడుకోబెట్టి పూలదండ వేశారు. దాని పక్కన జాకెట్, అంత బాదినా పౌరుషం చావక, కుర్చీ అడగకుండా నిలబడి ఉంది. వేదిక నిండిపోవడం వల్ల స్రవ్యకు రెండో వరుసలో చోటిచ్చారు.

సంఘం అధ్యక్షుడు మురళి గారు ప్రసంగించారు. "ఒకప్పుడు ఈ కార్వాన్ల వజ్రాలు అమ్మినరు. ఇయ్యాల మన కైలాసమన్న సొంత ఖర్చుతోని జర్మనీ రైఫిల్ తెచ్చి మన గల్లీ పేరు నిలవెట్టిండు. సామాను ఉన్నది, సంకల్పం ఉన్నది. ఇంకేం గావాలె? పతకం అంటరా, అది ఇయ్యాల గాకపోతె రేపొస్తది," అన్నారు. చప్పట్లు మోగాయి.

తరువాత సాంకేతిక విషయాలపై రెండు ముక్కలు చెప్పమని ప్రకాశం సార్‌కు మైకు ఇచ్చారు. ఆయన మైకును పక్కకు జరిపి మాట్లాడాడు.

"ఆఖరి పది గుండ్లల్ల ఆ హాలు మొత్తంల ఎక్కువ కొట్టింది ఈ పిల్లనే. ఫస్టొచ్చిన పిల్ల గూడ గంత కొట్టలే. జాకెట్ లేదు, ఆసర లేదు, పాత స్వెటర్ ఒక్కటి. మూడేండ్లు నిలవడ్డది, గంతే. నాలుగు పాయింట్లు గాదు, పాయింట్ల నాలుగు పదోవంతులు తక్కువైనయ్. ఎందుకు తక్కువైనయో, గదిగో, స్టేజి మీద నిలవడ్డది. చూడున్రి."

కైలాసం మెడలో దండతో రెండో వరుస వైపు చూశాడు. స్రవ్య తల దించుకుని లేదు; తిన్నగా ఆయననే చూస్తోంది. ఆ రోజు ఎంత కొట్టావు బిడ్డా అని తాను ఇంతవరకు అడగలేదని ఆయనకు అప్పుడు తోచింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. పెదవులు కదిలాయి.

అప్పుడే వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి గంభీరంగా అడిగాడు.

"ప్రకాశం సార్, ఆ స్వెటర్ ఏ కంపెనీది?"

సభలో కదలిక వచ్చింది. నలుగురైదుగురు ఫోన్లు తీశారు. ఎవరో రంగు అడిగారు, ఎవరో ఉన్నిదా కాటన్‌దా అని అడిగారు. కైలాసం పూర్తిగా లేచి నిలబడ్డాడు. మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"గా స్వెటర్ నేనే కొనిపిచ్చిన అన్నా. పత్తర్‌గట్టిల."

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. స్రవ్య లేచి బయటికి వెళ్లింది. ప్రకాశం సార్ ఆమె వెనకే వెళ్లాడు. వాళ్లు వెళ్లిన సంగతి ఫోటోలు తీసినవారు తరువాత గమనించారు.

ప్రస్తుతం ఆ రకం స్వెటర్‌కు మంచి గిరాకీ ఉంది. స్రవ్య వేసుకున్నది పదో తరగతి నాటిది కాబట్టి రెండు సైజులు చిన్నది తీసుకుంటేనే గురి కుదురుతుందని తెలిసినవారు చెబుతున్నారు. మోచేతి దగ్గర చిరుగు కూడా కావాలన్నవారికి దుకాణంలోనే కత్తిరించి ఇస్తున్నారు. ఇది చదువుతూ తమ పిల్లల కోసం ఒకటి తీసుకుందామని ఆలోచిస్తున్నవారు ఆలస్యం చేయవద్దు. కొలత చెబితే చాలు. పిల్లలను వెంట తీసుకురానక్కరలేదు.